తవుడు బేరం

1
తుని దాటాక, ఎండ షెడ్డులో

ప్రయాణంలో చూసింది చూసినట్టు రాసి పంపమన్నారు మా పోరాట సంఘం వాళ్లు. అచ్చు వేసి కరపత్రంగా పంచుతారట. రాస్తున్నాను. పెద్దవాడు రాసింది ఏ కచేరీలోనూ సాక్ష్యంగా చెల్లదని తెలిసే రాస్తున్నాను. చెల్లకూడదనే కదా మేమిన్నాళ్లూ కొట్లాడింది!

బయల్దేరింది ఐదుగురం. మా అక్క సువార్త, బావ ఏసోబు, వాళ్ల పిల్లలు కెజియా, తిమోతి, నేను. కెజియాకి ఐదు దాటాయి. తిమోతికి మూడు. వాణ్ణి పాస్టరుగారు తప్ప తిమోతి అని ఎవరూ పిలవరు. తిమ్మడు అంటాం. బండి బావది, కాకినాడ కొత్తరేవులో ఐసు తోలే వ్యాను. వెనక డబ్బాకి జానెడు మందాన థర్మోకోలు గోడలు. ఐసు బదులు పరుపులు వేసి పిల్లల్ని కూర్చోబెట్టాం. ఈ ఎండల్లో ఆ డబ్బాలో ఉన్నంత హాయి మా ఊళ్లో ఏ మేడలోనూ లేదు. చేపల వాసన ఒక్కటే పోలేదు.

పోతున్నది చల్లూరికి. దాని అసలు పేరు మా నాలుకలకి తిరగదు గనక మా రేవులో అందరూ చల్లూరు అనే అంటారు. ఈశాన్యాన సరిహద్దు దాటాక, కొండల మీద, పరాయి దేశంలో ఉంది. అక్కడ పొద్దున్నే ఇప్పటికీ దుప్పటి కప్పుకుంటారట. తిమ్మడికి ఉప్పుదగ్గు. ముంపు పొలాలు ఎండి లేచే ఉప్పుధూళి పీల్చి మా తీరంలో చాలామంది పిల్లలకి వచ్చేదే గాని, వీడికి ముదిరింది. ఊపిరితిత్తులు గట్టిపడకముందే చల్లూరు ఆసుపత్రిలో చేరిస్తే బతుకుతారు. గట్టిపడ్డాక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఎండ ముదిరేసరికి తారు పాకంలా మెత్తబడుతుంది. గేట్లు దించి బండ్లన్నిటినీ షెడ్లలోకి తోలేస్తారు. పొద్దు వాలాక మళ్లీ వదులుతారు. ఇప్పుడు షెడ్డులో ఉన్నాం. అక్క గోనెపట్టా తడిపి డబ్బా మీద కప్పుతోంది. ఈ షెడ్డు కట్టించిన పెద్దమనిషి నిలువెత్తు బొమ్మ ముందర ఉంది, నీళ్ల కుళాయి మాత్రం లేదు. ఇలాంటివాళ్లనే నేను రోడ్డు మీద నిలబెట్టి అడగాలనుకునేది.

2
బరంపురం

ఇవాళ పని నాకే పడింది. తిమ్మడికి ఆవిరి పట్టడం, ముక్కులో పేరుకున్న ఉప్పు తీయడం, బండి బ్యాటరీకి ఎండ పట్టే పలకలు తుడవడం. వాడు ఆవిరికి కూర్చోడు. కాళ్లతో తంతాడు. దగ్గు వచ్చినప్పుడు మాత్రం తన్నడం మానేసి నా చొక్కా పట్టుకుంటాడు. ఆ దగ్గు వినలేం. ఎండిన కొబ్బరి మట్టని నేల మీద ఈడ్చినట్టు ఉంటుంది.

సాయంత్రం గంజి తాగనని మూతి బిగించాడు. బావ గ్లాసు లాగేసుకున్నాడు.

“తాగకపోతే మానెయ్. తవుడిచ్చి కొన్న సరుకు ఇలాగే ఉంటాది.”

“ఎంత తవుడు?” అన్నాడు తిమ్మడు.

“రెండు బస్తాలు. మంచి దాళ్వా పంట తవుడు.”

“అక్కని?”

“అక్కని కొన్లేదు. అమ్మ కన్నది.”

ఏడుస్తాడనుకున్నాం. వాడికి గర్వం పొంగుకొచ్చింది. రెండు బస్తాలంటే మాటలా! గ్లాసు తీసుకుని గటగటా తాగేశాడు. మొహం మాడ్చుకున్నది కెజియా.

“నన్నెందుకు కొన్లేదు?”

“నీకప్పుడు మన దగ్గర తవుడు లేదే,” అంది అక్క.

పడీ పడీ నవ్వాం. మా అమ్మ కూడా నన్ను చింతపండు ఇచ్చి మార్చుకున్నానని చెప్పేది. నాకు పదేళ్లొచ్చేదాకా ఏ దుకాణంలో చింతపండు కనపడినా మా అసలు వాళ్లు అక్కడెక్కడో ఉంటారని వెతికేవాణ్ణి. తెలుగువాళ్ల ఇళ్లలో ఈ మాట అనిపించుకోని పిల్ల ఉంటుందా?

3
వంగదేశం, వంతెన దగ్గర

బావతో గొడవైంది. గొడవ నాదే, ఒప్పుకుంటాను. కానీ న్యాయం కూడా నాదే.

“గేటు దగ్గర అడిగేది పిల్లల్నేగా,” అన్నాడు బావ. “కెజ్జమ్మకి నాలుగు ముక్కలు నేర్పేద్దాం. అమ్మ పేరు, నాన్న పేరు, తమ్ముడి దగ్గు. అంతేగా?”

“నేర్పితే చెవి పట్టేస్తుంది బావా.”

“చెవీ లేదు, ముక్కూ లేదు. రేవులో ఇలాంటి మిషన్లని ఎన్నిటిని చూశాను!”

నాకు ఒళ్లు మండింది. ఏ కాలంలో ఉన్నాడీయన? గొంతులు, మొహాలు, కాగితాలు, సంతకాలు అన్నిటినీ యంత్రాలు వండి వారుస్తున్న కాలం ఇది. చచ్చిపోయిన నాయనమ్మ ఫోన్లో మాట్లాడి ఇల్లు రాయించేసుకుంటోంది. రక్తపరీక్షల పరువు కూడా పోయింది, నెత్తురు మార్చి ఎక్కించే దుకాణాలు సందుకొకటి. ఇక ఎవరి మాట నమ్మాలి? మా సంఘం మొదటి కరపత్రంలోనే చెప్పింది. ఆరేళ్లు నిండని పిల్లల మాట నమ్మాలి. వాళ్లకి లాభం నష్టం తెలియదు. చూసింది చెబుతారు. ‘పెద్దల నోట ప్రచారం, పిల్లల నోట ప్రపంచం’ అని నేను కాకినాడ గోడల మీద రాసి పోలీసుల చేత తన్నులు తిన్నాను. ఇవాళ సరిహద్దుల్లో పిల్లల్నే అడుగుతున్నారంటే అది ఊరికే వచ్చిందా?

అడిగే యంత్రం పేరు చెవి. ఏ పిల్లకి ఆ పిల్ల భాషలో, ముసలమ్మ గొంతుతో కబుర్లు చెబుతూ అడుగుతుంది. పిల్ల సొంత మాటకి ఒక తడబాటు ఉంటుంది, వెతుకులాట ఉంటుంది. నేర్పిన మాటకి అవి ఉండవు. చెవికి తెలిసిపోతుంది. నేర్పారని తేలితే ఆ కుటుంబానికి ఆ గేటు మరి తెరుచుకోదు.

ఇదంతా బావకి చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను.

“గోడల మీద రాసినోడివి, నీకేం తెలుస్తాదిరా,” అన్నాడు. “పెళ్లా పెటాకులా! కన్నోడికి తెలుస్తాది ఆ దగ్గు ఎక్కడ గుచ్చుకుంటాదో.”

“అబద్ధాలు నేర్పితే దగ్గు తగ్గుతుందా?”

“అమ్మ పేరు చెప్పడం అబద్ధమేంట్రా!”

డబ్బా కిటికీ తీసి అక్క కసిరింది. “ఇద్దరూ నోళ్లు ముయ్యండి. వాడికిప్పుడే కన్ను అంటుకుంది. ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. దానికి నోరుంది, అదే చెబుతాది.”

అక్క నా పక్షం. బావ స్టీరింగుతో తప్ప ఎవరితోనూ మాట్లాడటం లేదు.

4
కొండ మొదట్లో, గేటు వరసలో

వరస కనుచూపు మేర ఉంది. అన్ని బండ్లలోనూ దగ్గే పిల్లలు. గాలి మాత్రం మారింది. చర్మానికి చల్లగా తగిలే గాలిని కెజియా జన్మలో మొదటిసారి చూసింది. “మావయ్యా, ఎవరో ఊదుతున్నారు,” అని వెనక్కి తిరిగి చూసింది.

మా ముందు బండి నెల్లూరు వాళ్లది. పెంచలమ్మ అనే ముసలావిడ, ఆవిడ మనవరాలు. కొడుకూ కోడలూ వరదలో పోయారట. మా మాటలు విని తెలుగువాళ్లమని తెలుసుకుని ఆవిడే దిగి వచ్చింది.

“ఏం నాయనా, మీ పిల్లకి పాఠం చెప్పించినారా? మా బిడ్డ చూడు, గడగడా చెప్తాది. చెప్పమ్మా.”

ఆ పిల్ల చేతులు కట్టుకుని చెప్పింది. “ఈమె మా నాయన తల్లి. మా అమ్మా నాయన చనిపోయినారు. నన్ను ఈమే సాకుతుండాది.” ఎక్కడా ఆగలేదు. ఊపిరి తీసుకోవలసిన చోట కూడా ఆగలేదు.

పొద్దున వాళ్ల వంతు వచ్చింది. పిల్లల్ని అడిగే గది మీద ఎర్రదీపం వెలిగింది. నేర్పిన మాట. పెంచలమ్మ రోడ్డు మీద కూలబడింది. నేను దగ్గరికెళ్లి, “నేర్పొద్దనేది ఇందుకే పెద్దమ్మా,” అన్నాను.

“నిజమే కదరా నేర్పింది!”

“నిజం నేర్పినా నేర్పినట్టే.”

నా మొహంలోకి చూసింది. “నీ నోట్లో దుమ్ముబొయ్య,” అంది. లేచి మనవరాల్ని ఎత్తుకుని బండెక్కింది. బండి వెనక్కి తిరిగి దిగువకి పోయింది.

కఠినంగానే ఉంది. కానీ ఒకరికి సడలిస్తే రేపు దొంగలంతా అదే దారిలో వస్తారు. ఈ కొండల మీద చోటు కోసం రోగిష్టి పిల్లల్ని కొని, మా బిడ్డే అని చెప్పుకుని ఎక్కేవాళ్లు ఎందరు లేరు? మా ఐదో కరపత్రం మొత్తం వాళ్ల గురించే. చట్టమంటే నొప్పి లేకుండా ఉండదు. ఇది సంఘం వాళ్లు అచ్చు వెయ్యాలి.

5
సాక్ష్యపు గది బయట

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

కెజియాని పిలుస్తారనుకున్నాం. అక్క దానికి తల దువ్వి రిబ్బను కట్టింది. తలుపు తెరుచుకుని, “చిన్నబాబు ముందు రావాలి” అని వినపడింది. తిమ్మడు ఏ బెరుకూ లేకుండా లోపలికి నడిచాడు. అద్దంలోంచి మాకు కనపడుతుంది, మాటలు వినపడతాయి. మేము అరిచినా అటు వినపడదు.

“నీ పేరేంటి నాన్నా?” ముసలమ్మ గొంతు. మా అమ్మమ్మ గొంతు కూడా అంత తియ్యగా ఉండేది కాదు.

“తిమ్మడు.”

“ఎవరితో వచ్చావు తిమ్మడూ?”

“అమ్మ. నాన్న. అక్క. ఐసు బండి.”

నా పేరు చెప్పలేదు వెధవ. రోజూ ముక్కు కడిగింది నేనైతే!

“దగ్గు ఎప్పట్నుంచి వస్తోంది?”

“ఉప్పు తింటే వస్తాది. గాలిలో ఉప్పు.”

“అయ్యో. మరి నువ్వు మీ అమ్మ దగ్గరికి ఎలా వచ్చావు?”

బావ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోవడం నేను చూశాను.

“కొన్నారు,” అన్నాడు తిమ్మడు.

“కొన్నారా? ఎవరు?”

“నాన్న. తవుడిచ్చి కొన్నాడు. రెండు బస్తాలు!” రెండు వేళ్లు చూపించాడు. “మంచి తవుడు.”

“మీ అక్కని?”

“అక్కని కొన్లేదు. అమ్మ కన్నది. నన్నే కొన్నారు.”

అక్క అద్దాన్ని కొట్టింది. బావ, “వేళాకోళం! అది వేళాకోళం!” అని అరిచాడు. నేనూ అరిచాను. గది మీద దీపం పచ్చగా వెలిగింది. పచ్చదీపం అంటే పిల్ల సొంత మాట అని, నేర్పింది కాదని. వాడు దీపాన్ని చూసి చప్పట్లు కొట్టాడు. లోపలి తలుపులోంచి ఎవరో వచ్చి వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయారు.

6
కచేరీలో

గేటు అధికారిణి మధ్యవయసు మనిషి. మెడలో పట్టీ ఆవిడ మాటల్ని తెలుగు చేసి చెబుతుంది. మమ్మల్ని కూర్చోమంది, నీళ్లిచ్చింది. కొట్టడానికి చెయ్యి లేచేంత దుర్మార్గురాలైనా బాగుండేది.

“అది మా వైపు అందరూ అనే మాటండి,” అంది అక్క. “మారాం చేస్తే అంటాం. చెత్తకుప్పలో దొరికావంటాం, తవుడుకి కొన్నామంటాం. ముద్దుకి అంటామండి.”

“ముద్దుకి, కొన్నామని అంటారా?”

“ఆయ్.”

ఆవిడ అక్క గ్లాసులో మళ్లీ నీళ్లు పోసింది. “మీరు చెప్పేది నిజమే అనిపిస్తోంది. కానీ నేను పెద్దదాన్ని. నా నమ్మకం కూడా ఇక్కడ చెల్లదు.”

కొన్న పిల్లలకి చల్లూరులో వైద్యం లేదు. వాళ్లని దిగువన ఉన్న శిబిరానికి పంపుతారు. అసలు తల్లిదండ్రులు దొరికేదాకా అక్కడే. దిగువ అంటే మళ్లీ ఆ వేడి, ఆ ధూళి. కొన్నవాళ్లకి శిక్షంటూ లేదు. బిడ్డ మీద హక్కు పోతుంది, వాళ్లూ వాళ్ల బంధువులూ శిబిరం కంచె దగ్గరికి రాకూడదు.

“జబ్బు పిల్లాణ్ణి దిగువకి పంపడమేంటండీ? మనుషులేనా మీరు!” అన్నాను. బల్ల మీద చెయ్యి వేసి కొట్టాను.

“కొన్న పిల్లలకి వైద్యం చేస్తే కొనేవాళ్లు పెరుగుతారు,” అంది ఆవిడ. “ఇంతకీ మీరెవరు? మీ పేరు ఏ పిల్లా చెప్పలేదే. మీకు లోపలికి అనుమతి లేదు.”

ఆ వాదన ఐదో కరపత్రం మూడో పేజీలో ఉంది. మాటకి మాట అదే. నేను దాన్ని రేవులో మైకు పట్టుకుని చదివాను.

ఒక్కటే దారి ఉంది. పిల్ల మాటని మరో పిల్ల మాటే దిద్దగలదు. రేపు పొద్దున కెజియాని అడుగుతారు, ఒక్కసారే. ఈలోపు దానికి ఎవరైనా ఏదైనా నేర్పినట్టు తేలితే ఇద్దరు పిల్లలూ దిగువకే. కచేరీ మెట్లు దిగుతుంటే గోడ అవతలి నుంచి తిమ్మడి దగ్గు వినపడింది. అక్క గోడకి ఆనుకుని నిలబడిపోయింది. బావ లాక్కొచ్చాడు.

7
బండి దగ్గర, పొద్దు వాలుతుండగా

“దానికి చెబుదాం,” అన్నాడు బావ. “తమ్ముణ్ణి అమ్మే కన్నది, నువ్వు చూశావు కదా అని చెబుదాం. నిజమేగా చెప్పేది.”

“పెంచలమ్మ కూడా నిజమే చెప్పింది బావా.”

“ఆవిణ్ణి చూసి నవ్వినోడివి నువ్వు!”

“నవ్వలేదు.”

“నవ్వడమే. నా కొడుకు అక్కడ ఒక్కడూ దగ్గుతుంటే నువ్వు నాకు చట్టం చెబుతున్నావు. చట్టం నువ్వే తెచ్చావుగా? పో, ఆ చెవి దగ్గరికెళ్లి నీ కరపత్రం చదువు. వింటాదేమో!”

చొక్కా పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నాను. అక్క మమ్మల్ని విడదీయలేదు. బండి మెట్టు మీద కూర్చుని తిమ్మడి తువ్వాలు మడత పెడుతోంది. మడత విప్పి మళ్లీ పెడుతోంది.

“దానికేమీ చెప్పకండి,” అంది చివరికి. “చెబితే ఇద్దరూ పోతారు. అది చూసింది. వాడు పుట్టిన రోజు ఆసుపత్రికి వచ్చింది. ఎంత చిన్నదైనా అదే చెబుతాది.”

కెజియా డబ్బాలోనే ఉంది. తలుపు వారగా తెరిచి ఉందని మాకు తర్వాత తట్టింది. నేను అన్నం పట్టుకెళ్లేసరికి తమ్ముడి పరుపు మీద కూర్చుని ఉంది.

“మావయ్యా, కొన్న పిల్లల్ని ఏం చేస్తారు?”

దీనికి జవాబు చెప్పడం నేర్పడం అవుతుందా? కాదనుకున్నాను. పిల్లలు అడిగితే నిజం చెప్పాలి, దాచడం కూడా అబద్ధమేనని మా నియమం.

“కిందికి పంపేస్తారమ్మా.”

“కన్న పిల్లల్ని?”

“లోపలికి రానిస్తారు.”

“లోపల తిమ్మడికి దగ్గు తగ్గుద్దా?”

“తగ్గుతుంది.”

“నాకు దగ్గు లేదుగా.”

“నీకు లేదు తల్లీ.”

తలూపింది. పప్పన్నం మొత్తం తినేసింది. నెయ్యి లేదని అడగను కూడా లేదు.

8
సాక్ష్యపు గది బయట, పొద్దున

రిబ్బను అదే కట్టుకుంది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి అక్కని చూసింది. అక్క నవ్వింది. ఆ నవ్వు ఎలా నవ్వగలిగిందో నాకు తెలియదు.

“కెజియా, మీ తమ్ముడు నిన్న వచ్చాడు. ఎంత ముద్దుగా మాట్లాడాడో!”

“వాడు చిన్నోడండి.”

“వాడు మీ అమ్మ దగ్గరికి ఎలా వచ్చాడో నీకు గుర్తుందా?”

“అమ్మ కన్నది. ఆసుపత్రిలో. ఎర్రగా ఉన్నాడు. గుడ్డలో చుట్టారు. నేను ముట్టుకుంటే అమ్మమ్మ చెయ్యి కడుక్కోమంది.” ఆగింది. వెతుక్కుంది. “కాలు ముట్టుకున్నా.”

బావ నా భుజం పట్టుకున్నాడు. నిన్నట్నుంచీ నా మొహం చూడనివాడు, ఎముక విరిగేంత గట్టిగా పట్టుకున్నాడు.

“మరి కొన్నారని చెప్పాడే. అబద్ధం చెప్పాడా?”

కెజియా ఉలిక్కిపడింది. తమ్ముడికి అబద్ధం అంటగడుతున్నారు. ఈ ప్రశ్న వస్తుందని మేమెవరమూ అనుకోలేదు.

“అబద్ధం కాదండి. కొన్నారు.”

“ఎవరిని?”

దాని ఎడమచెయ్యి వెనక్కి వెళ్లింది. గౌను అంచుని వేలికి చుట్టుకుంటోంది. దాగుడుమూతల్లో కళ్లు తెరిచి చూస్తూ, చూడటం లేదని చెప్పేటప్పుడు అలాగే చుట్టుకుంటుంది.

“నన్ను,” అంది. “తవుడిచ్చి కొన్నది నన్ను. వాడు మర్చిపోయాడు. వాడికి అన్నీ వాడికే కావాలి.”

“నిన్నా, అమ్మా? నీకెలా తెలుసు?”

“నాకు తెలుసండి. అందుకే నాకు దగ్గు లేదు. కన్న పిల్లలందరికీ ఉంటాది.”

అక్క అరవలేదు. అద్దానికి నుదురు ఆనించింది, అంతే. నేను తలుపు మీద పడి గుద్దాను. అబద్ధమని, అది అబద్ధం చెబుతోందని, మీ చెవికి బుద్ధి లేదని, పిల్లలు అబద్ధం చెబుతారని, తమ్ముడి కోసం చెబుతారని గొంతు పోయేదాకా అరిచాను. కాపలావాడు వచ్చి నన్ను పక్కకి లాగాడు. చెయ్యి చేసుకోలేదు. పెద్దవాళ్లు అరవడం అక్కడ రోజూ ఉండేదేనట.

గది మీద పచ్చదీపం వెలిగింది. సొంత మాట. నేర్పింది కాదు. నిజమే, ఎవరూ నేర్పలేదు.

9
గేటు బయట

తిమ్మణ్ణి తెచ్చి అక్క చేతుల్లో పెట్టారు. కెజియాని అటునుంచి అటే దిగువ శిబిరానికి పంపేశారు. వాడికి ఒళ్లు కాలిపోతోంది. అవతల ఆసుపత్రి బండి నిలబడి ఉంది. వైద్యం ఏడాదికి పైనే పడుతుందన్నారు. ఇంకొక్క వారం ఆలస్యమైతే మొదలుపెట్టి లాభం లేదని కూడా అన్నారు.

అధికారిణి మరొక సంగతి చెప్పింది. కెజియా తన మాట తానే వెనక్కి తీసుకోవచ్చు, ఎప్పుడైనా. తీసుకున్న క్షణాన ఇద్దరిలో ఎవరిది నిజమో తేలనట్టు లెక్క. తిమ్మణ్ణి మంచం మీది నుంచి దింపేస్తారు. వచ్చే వానలకి కెజియాకి ఆరు నిండుతాయి. ఆ తర్వాత దాని మాట కూడా మా మాటలాంటిదే. కావాలన్నా వెనక్కి తీసుకోవడం కుదరదు.

“నువ్వెళ్లు,” అన్నాడు బావ అక్కతో. “నేనుంటా.”

“ఉండి?” అంది అక్క. “కంచె దగ్గరికి రానివ్వరు నిన్ను. నాతో రా. వీణ్ణి ఒక్కదాన్నే ఎత్తుకోలేను.”

అది నిజం కాదు. తిమ్మడు బరువే ఉండడు. బావ కిందికి చూస్తూ నిలబడి, ఐసు బండి తాళాలు తీసి నా జేబులో వేశాడు. తిట్టాడా అంటే తిట్టలేదు. తిడితే నాకు కొంచెం తేలికయ్యేది, అది తెలిసే మానేశాడేమో.

అక్క నా చెంప మీద చెయ్యి పెట్టింది. “నీ పేరు ఏ పిల్లా చెప్పలేదంట కదరా. దానికి నువ్వొక్కడివే మిగిలావు. చూసుకో.”

వాళ్లు గేటు లోపలికి వెళ్లారు. తిమ్మడు అక్క భుజం మీది నుంచి, “అక్క ఏదీ?” అంటున్నాడు. గేటు పడింది.

10
దిగువ శిబిరం

ఇది సంఘానికి పంపను. వాళ్లు అచ్చు వెయ్యరు. వేసినా చదివేది పెద్దవాళ్లు.

శిబిరం రేకుల షెడ్లు. చుట్టూ కంచె. కంచె స్తంభాలన్నిటికీ చెవులు తగిలించి ఉన్నాయి. దారిన పోయేవాళ్లు పిల్లలకి తినడానికి ఏదైనా ఇవ్వచ్చు. ఇచ్చి రెండు మాటలు మాట్లాడచ్చు. ఒక్కసారి బంధువని తేలితే మరి రానివ్వరు. కొండ మీది నుంచి ఏ కబురూ లేదు. ఫోనులో అక్క గొంతు ఒకసారి వచ్చింది. అది అక్కో, ఎవరైనా వండిన గొంతో తెలియక పెట్టేశాను. మేం తెచ్చిన బుద్ధి అలాంటిది.

దారంతా ఒకే మాట మననం చేసుకుంటూ వచ్చాను. నిజం చెప్పెయ్ కెజ్జమ్మా. ఆరు నిండకముందే చెప్పెయ్. వెంటనే తిమ్మడి దగ్గు వినపడేది. చెప్పకు. మళ్లీ దీని మొహం గుర్తొచ్చేది. ఏ మాట అన్నా ఒక పిల్లని చంపడమే. నేను పందొమ్మిదేళ్లవాణ్ణి, అన్నిటికీ జవాబు ఉంటుందనుకున్నవాణ్ణి.

పిల్లల్ని పొద్దున ఎండ ఎక్కకముందు బయటికి వదిలారు. అందరికీ గుండ్లు, బూడిదరంగు చొక్కాలు. ఏది కెజియానో ముందు పోల్చుకోలేకపోయాను. అదే నన్ను చూసింది. పరిగెత్తుకు రాబోయి ఆగింది. మామూలుగా నడిచి వచ్చింది. నేను జామకాయ కంచెలోంచి అందించాను. తీసుకుంది.

తలెత్తి స్తంభం మీది చెవిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

“మీరెవరండీ?” అంది.

పుట్టిన దగ్గర్నుంచి నన్ను మీరు అన్నది లేదు. మావయ్యా, నువ్వూ. కోపం వస్తే ఒరేయ్ కూడా. ఆ పిల్ల గుర్తు పట్టక అడగలేదు. కళ్లు నా మొహం మీది నుంచి తియ్యడం లేదు. పెదవి వణుకుతుంటే జామకాయని నోటికి అడ్డం పెట్టుకుంది.

‘మీ మావయ్యని’ అంటే చాలు. ఏడ్చేస్తుంది. ఏడుస్తూ అన్నీ చెప్పేస్తుంది. చెవి వింటుంది.

“ఎవర్నీ కాదమ్మా,” అన్నాను. “దారిన పోయేవాణ్ణి.”

కాయ కొరికింది. నెమ్మదిగా నమిలింది.

“మీ ఇంట్లో బాబున్నాడా?”

“ఉన్నాడు.”

“వాడికి దగ్గు తగ్గిందా అండి?”

నాకు తెలియదు. వాడు ఉన్నాడో లేడో కూడా తెలియదు.

“తగ్గిందమ్మా,” అన్నాను. “పూర్తిగా తగ్గిపోయింది.”

లోపల గంట కొట్టారు. మిగిలిన జామకాయ చొక్కా జేబులో పెట్టుకుంది. వెళ్లి వరసలో నిలబడింది. వెనక్కి తిరగలేదు.